నూనె నడిపే తాపీ

మాదన్నపేట గల్లీలో సీసీ రోడ్డు పోస్తే, మేస్త్రీ చెక్కబద్దతో లెవలు చేసి తాపీతో రుద్దితే సరిపోతుంది. ఈ పేట సందుల్లో రైడ్-ఆన్ ట్రోవెల్‌కు, అంటే పైన కూర్చుని నడుపుతూ కాంక్రీటును రుద్దే బండికి, పనిలేదు. పెద్ద బండ్లు దాదాపు 8 అడుగుల వెడల్పుంటాయి. వాటి చోటు శంషాబాద్, మేడ్చల్ వైపు గోదాములు. కానీ వాటిలోని హైడ్రాలిక్స్ ఇక్కడివాళ్లకు కొత్త కాదు. పైపులైను కోసం గల్లీ తవ్వే జేసీబీ చేతిని లేపేదీ అదే.

డ్రైవరు సీటు కింద రెండు రోటర్లు, వాటికి స్టీలు బ్లేడ్లు. పని చేసేటప్పుడు బండి బరువంతా ఆ బ్లేడ్ల మీదే. రోటరును కాస్త వాలిస్తే ఒకవైపు పట్టు పెరిగి బండి కదులుతుంది. మామూలు మిషన్లో వాల్చే బలం డ్రైవరు చేతులదే. సాయంత్రానికి భుజాలు పడిపోతాయి.

హైడ్రాలిక్ బండిలో ఇంజిను ఒక పంపును తిప్పుతుంది. నూనె నొక్కితే తగ్గదు గనక పంపు పెట్టే ఒత్తిడి పైపుల్లో అంతటా ఒకేలా పాకుతుంది. పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పిన సంగతి ఇది. చదరపు సెంటీమీటరుకు 70 కిలోల ఒత్తిడి ఉంటే, 5 చదరపు సెంటీమీటర్ల పిస్టను రోటరును వాల్చడానికి 350 కిలోల బలంతో తోస్తుంది. డ్రైవరు కదిపే జాయ్‌స్టిక్ వాల్వును తెరుస్తుందంతే.

కొన్ని బండ్లలో నూనె పని స్టీరింగుతోనే సరి. రోటర్లను బెల్టు, గేర్‌బాక్సులే తిప్పుతాయి. పూర్తి హైడ్రాలిక్ వాటిలో రోటర్లకు హైడ్రాలిక్ మోటార్లుంటాయి. అసలు లాభం ఇక్కడే. కాంక్రీటు మీద కాలు పెడితే అడుగు కొద్దిగా మాత్రమే దిగే దశలో రుద్దడం మొదలవుతుంది. అప్పుడది జిగురుగా పట్టేస్తుంది. రోటరు నెమ్మదిగా, బలంగా తిరగాలి. గట్టిపడ్డాక మెరుపు కోసం వేగం కావాలి. పంపు నుంచి వెళ్లే నూనెను హెచ్చుతగ్గులు చేస్తే చాలు, ఇంజిను వేగం మార్చకుండానే రెండూ కుదురుతాయి.

అయినా చిన్న కాంట్రాక్టరుకు బెల్టు బండే మేలంటాను. ధర సంగతి అటుంచితే, నూనెకు వేడి పడదు. ఎండాకాలం అది పలచబడి రోటరు నీరసిస్తుంది. ఫిల్టరు మార్చకపోతే దుమ్ము పంపును అరగదీస్తుంది. లీకై నేలమీద పడిందా, కొత్త ఫ్లోరింగుకు మచ్చే.

లీకు వెతకడానికి మాత్రం హోసు మీద చేయి పెట్టి తడమకండి. అట్టముక్క అడ్డంపెట్టి చూడండి. సూదిబెజ్జంలోంచి చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకుపోతుంది. పైకి చుక్కంత గాయమే కనిపించినా, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.