పెరిస్కోపు కథ

మా ఆఫీసు ఉన్న చాంగీ బిజినెస్ పార్క్ కి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే సింగపూర్ జలాంతర్గాములుండే చాంగీ నౌకాస్థావరం ఉంది. మన తెలుగువాళ్ళకి మాత్రం జలాంతర్గామి అనగానే గుర్తొచ్చేది విశాఖ ఆర్.కె. బీచ్ లోని ఐ.ఎన్.ఎస్. కురుసుర. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుండి ప్రదర్శనశాలగా ఉంది. మరి నీటి అడుగున ఉన్నవాళ్ళు పైన ఏముందో ఎలా చూస్తారు? పెరిస్కోపుతో!

సూత్రం చాలా తేలిక. ఒక నిలువు గొట్టంలో పైనొక అద్దం, కిందొక అద్దం 45 డిగ్రీల వాలులో, ఒకదానికొకటి సమాంతరంగా, ఎదురెదురుగా ఉంటాయి. పై అద్దం మీద పడిన వెలుగు కిందికి మళ్ళుతుంది, కింది అద్దం దాన్ని మన కంటికి మళ్ళిస్తుంది. ఒక అద్దం చేసిన కుడి ఎడమల తారుమారుని రెండోది సరిచేస్తుంది.

జలాంతర్గాముల్లో అద్దాలకు బదులు గాజు పట్టకాలు వాడతారు. మామూలు గాజులో వెలుగు సుమారు 42 డిగ్రీలకు మించిన కోణంలో లోపలి తలాన్ని తాకితే బయటికి పోకుండా పూర్తిగా వెనక్కి మళ్ళుతుంది. స్కూల్లో చదువుకున్న సంపూర్ణాంతర పరావర్తనం ఇదే. గొట్టం పొడుగయ్యేకొద్దీ కనిపించే మేర కుదించుకుపోతుంది కాబట్టి మధ్యలో కటకాలు కూడా అమరుస్తారు.

ఇందులో ప్రమాదమూ ఉంది. కదిలే పెరిస్కోపు నీటిపై తెల్లటి నురగ చార వదులుతుంది, రాడార్ కీ దొరకవచ్చు. మనం చూసే సాధనమే మనల్ని పట్టిస్తుందన్నమాట! అందుకే కొన్ని క్షణాల్లో చుట్టూ చూసి దించేస్తారు. పైగా అది నౌక పైకప్పుని చీల్చుకుని వెళ్తుంది కనుక ఆ రంధ్రం గుండా నీరు రాకుండా కట్టుదిట్టం చెయ్యాలి, కమాండరు సరిగ్గా దాని కిందే నిలబడాలి.

2004లో అమెరికా నౌకాదళంలో చేరిన వర్జీనియా జలాంతర్గామి ఈ చిక్కు తీర్చింది. స్తంభం మీద కెమెరాలు, లోపలికి కేబుళ్ళు, తెరపై బొమ్మ. ఇక చూసే గది ఎక్కడున్నా ఫరవాలేదు. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ పని దొరికింది!

మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లో సైనికులు తల పైకెత్తకుండా శత్రువుని చూసిందీ, యుద్ధట్యాంకుల్లోంచి బయటికి చూసేదీ దీనితోనే.

సెలవుల్లో పిల్లలతో ఒక అట్టపెట్టె, రెండు చిన్న అద్దాలతో చేయించి చూడండి. సూర్యుడి వైపు మాత్రం అస్సలు చూడనివ్వకండి, అద్దంలోంచి వచ్చినా ఆ వెలుగు కళ్ళకి హానే. ఈసారి విశాఖ వెళ్తే కురుసుర చూపించడం మరచిపోకండి.