గోదావరి నేర్పు భూగోళము

మొన్న మా పొరుగింటి బాలుడొకడు వీథియరుగుపై గూర్చుండి, “నది సముద్రమున గలియుచోట ఒండ్రుమట్టిచే నేర్పడిన భూమి డెల్టా యనబడును” అని పదేపదే వల్లించుచుండెను. “నాయనా, డెల్టాను నీవెప్పుడైన జూచితివా?” యని యడిగితిని. “లేదు, పిన్నిగారూ” అనెను. వాని అమ్మమ్మగారిది కోనసీమ. ప్రతి వేసవికిని వాడచటికే పోవును! మాట నోటికి వచ్చినదే కాని వస్తువు మనసున కెక్కలేదు.

ఈ లోపమును దీర్చుట తల్లులకు సులభము. గోదావరి నొక్కదానిని జూపి భూగోళశాస్త్రమునందలి ముఖ్యపదము లనేకము బోధింపవచ్చును.

నది పుట్టినచోటు జన్మస్థానము. గోదావరి మహారాష్ట్రమున నాసిక్ జిల్లాయందు త్ర్యంబకము చెంత బ్రహ్మగిరిపై జనించినది. అచటికి పడమటి సముద్రము ఇంచుమించు 80 కిలోమీటర్లే. అయినను ఆ తల్లి తూర్పునకు దిరిగి 1,465 కిలోమీటర్లు నడచి బంగాళాఖాతమును జేరుచున్నది. ఏల? దక్కను పీఠభూమి పడమట మెఱకగను తూర్పున పల్లముగను ఉండుటచేతనే. పీఠభూమి యనగా చుట్టునున్న నేలకంటె ఎత్తై, పైభాగము చాలవఱకు చదునుగానుండు భూమి. పెరటిలో కడవెడు నీళ్లు గ్రుమ్మరించి అవి ఏ వాలునకు బోవునో చూపినచో బిడ్డకీ సంగతి బోధపడును.

ఒక నదిలో వచ్చి కలియు మఱియొక నది ఉపనది. మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి గోదావరికి ఉపనదులు. మండువా లోగిలిలో నాలుగువైపుల కప్పులపై బడిన వాన యంతయు నడిమి వాకిట జేరి ఒక్క తూమునుండియే వెలికిబోవును గదా! అట్లే ఏ ప్రదేశమున గురిసిన వాన తుదకొక్క నదినే చేరునో అది యా నదికి పరీవాహక ప్రాంతము. గోదావరి పరీవాహక ప్రాంతము 3 లక్షల చదరపు కిలోమీటర్లకు మించినది. భారతదేశమున ఇంచుమించు పదియవ వంతు.

ఈ పదము పరీక్షకొఱకు మాత్రమే కాదు, ప్రాణరక్షణకును అక్కఱకు వచ్చును. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరముకడ సెకనునకు సుమారు 35 లక్షల ఘనపుటడుగుల నీరు ప్రవహించినది. 2022 జూలైలో భద్రాచలముకడ నీటిమట్టము 71 అడుగులు దాటినది. అచట 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది యిత్తురు. మన యూర చినుకు పడకున్నను, ఎగువ పరీవాహక ప్రాంతమున గురిసిన వాన మన గడపకు రావచ్చును. ఈ మర్మ మెఱిగిన గృహిణి వార్త వినినంతనే ధాన్యమును అటకకెక్కించును, పశువులను మెరకకు దోలించును, పిల్లలతో ముందుగనే కదలును. ఎఱుగనిది ఆకాశము నిర్మలముగా నున్నదని ఊరకుండును.

ధవళేశ్వరము దిగువ గోదావరి గౌతమి, వసిష్ఠ యను పాయలుగా జీలును. ప్రవాహవేగము తగ్గినచోట ఒండ్రు దిగబడి క్రమముగా నేల యగును. అదియే డెల్టా. ముక్కోణమువలె నుండు గ్రీకు అక్షరమునుబట్టి ఆ పేరు వచ్చినది. నదీగర్భమున నేర్పడిన ద్వీపములను మనవారు లంక లందురు.

ఇక మానవుల సంగతి. ఒక చదరపు కిలోమీటరున సగటున నెందఱు నివసింతురో అది జనసాంద్రత. పాపికొండల నడుమ పల్లెలు పలుచన. డెల్టాలో ఊరు ఊరు నంటియుండును. నేల, నీరు దీనికి ముఖ్యకారణములు. బ్రతుకుదెరువునకై తావు మార్చుట వలస. 1833 ప్రాంతపు క్షామమున ఈ సీమలో ననేకులు మరణించిరి, అనేకులు వలసపోయిరి. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణమున 1847లో నారంభమైన ఆనకట్ట 1852లో ముగిసి, కాలువలు పాఱినపిమ్మట ఆ నేలయే ధాన్యాగారమైనది.

ఆ సాయంకాలము బాలునితో, “మీ అమ్మమ్మ కొబ్బరితోట నేల యెక్కడనుండి వచ్చినదో తెలియునా?” యని ఈ కథ చెప్పితిని. వాడు కొంతతడవు ఊరకుండి, “అయితే ఆ మట్టి నాసిక్ నుండి కూడ వచ్చియుండునా?” యని యడిగెను. ఆ ప్రశ్న పుట్టిననాడే చదువు మొదలైనట్లు.