ఇసుక క్రింది తీపినీరు

సింగరాయకొండకు తూర్పున పాకల తీరమున నిలిచి చూచినవారికి కనుచూపు మేర ఉప్పునీరే. అయినను గుంటూరు సీమ మొదలు నెల్లూరు వరకు గల తీరపు ఇసుక నేలలలో కొద్దిలోతు త్రవ్విన చాలును, తియ్యని నీరు ఊరును. అట్టి గుంటనే మన రైతులు దొరువు అందురు. కడవలతో ఆ నీరు తోడి నారుమళ్ళను, కూరపాదులను తడుపుట తరతరాల వాడుక. సముద్రము ప్రక్కనే ఉండగా ఈ తీపి ఎక్కడిది?

వాననీరు ఇసుకలో త్వరగా ఇంకును. ఘనమీటరు మంచినీరు 1000 కిలోలు తూగగా, అంతే సముద్రజలము సుమారు 1025 కిలోలు తూగును. కావున తేలికయైన మంచినీరు పాలపై మీగడవలె ఉప్పునీటిపై నిలుచును. ఈ లెక్కను డచ్చి ఇంజనీరు గైబెన్, జర్మనీ దేశీయుడు హెర్జ్‌బెర్గ్ వేరువేరుగా కట్టిరి. భూగర్భజల మట్టము సముద్రమట్టముకంటె 1 మీటరు ఎత్తున నున్నచో, సముద్రమట్టమునకు దిగువ దాదాపు 40 మీటర్ల వరకు మంచినీరు ఉండును. ఇది నిలుకడ నీటికి చెప్పిన లెక్క. నేలపొరలను బట్టి మారును. అందలి హెచ్చరిక మాత్రము స్పష్టము. తోడుటచేత మట్టము అరమీటరు పడిపోయినచో, క్రింది ఉప్పు కాలక్రమమున 20 మీటర్లు పైకి రాగలదు.

లోతు పెరిగినకొలది నీరు హెచ్చునను నమ్మకము తీరమున చేటు తెచ్చును. లోతైన బోరు వేసి పెద్ద మోటారుతో లాగినచో, గొట్టము అడుగున ఉప్పునీరు శంకువువలె పైకి లేచును. అట్లు ఉప్పెక్కిన బావికి మరల తీపి వచ్చుటకు కొన్నేండ్ల వానలు కూడ చాలకపోవచ్చును. దొరువు పైపొర నీటినే మెల్లగా ఇచ్చును. గాని గుంటలు సాగుభూమిని మ్రింగును, కడవలు మోయువారి నడుములు విరుగును. బాపట్లలో లవణజల వినియోగమును పరిశోధించు శాస్త్రజ్ఞులు దొరువును కాదనక దానినే సంస్కరించిరి. నీటిమట్టమునకు కొంచెము దిగువ, రంధ్రములు గల గొట్టములను ఇసుకలో అడ్డముగా పరచి, నడుమ బావికి కలిపిరి. నీరు నలువైపుల నుండి నెమ్మదిగా చేరును. చిన్న పంపుతో తుంపరల సేద్యమునకు అందించవచ్చును. విదేశీ యంత్రమును తెచ్చి నిలుపుటకంటె ఇది మేలైన విజ్ఞానమని మా అభిప్రాయము.

ఈ విద్య కొరకు దేశము సంస్థలను నిర్మించుకొన్నది. 1969లో కర్నాలున కేంద్ర లవణ మృత్తికా పరిశోధన సంస్థ, 1970లో కేంద్ర భూగర్భజల మండలి, 1978లో రూర్కీలో జాతీయ జలవిజ్ఞాన సంస్థ వెలసినవి. అయితే సంస్థలకు అంకెలు కావలెను. అంకెలు బావుల వద్ద పుట్టును. 2003 తరువాత కొన్నేండ్లు, ప్రకాశముతో కూడ ఏడు కరవు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటు పొందిన పథకము నడచినది. అందు రైతులే వానను కొలిచి, బోర్ల నీటిమట్టము చూచి, రబీకి ముందు ఊరి నీటిపద్దు వేసికొనిరి. ఫలానా పైరు వేయుడని ఎవరును శాసింపలేదు. పద్దు చూచిన పిమ్మట పలువురు వరిని తామే తగ్గించుకొనిరి.

తీరగ్రామములలో మట్టము ఒక్కటే చాలదు, ఉప్పును కూడ కొలువవలెను. ఉప్పు హెచ్చినకొలది నీటిలో విద్యుత్తు సులభముగా ప్రవహించును. చేతిలో ఇమిడెడి మీటరును నీట ముంచినంతనే అది అంకె చూపును. వేసవి చివర ఒకసారి, ఈశాన్య ఋతుపవనపు వానలు వెనుకబట్టిన తరువాత మరియొకసారి, అదే బావి వద్ద ఈ రెండు కొలతలను తీసి వ్రాసి ఉంచినచో, నాలుకకు ఉప్పు తెలియక ముందే పుస్తకమున కనిపించును.