పనప్పాకము ఆనందాచార్యులు

చిత్తూరునకు చేరువనున్న కట్టమంచి పేరు వినఁగానే సాహిత్యప్రియులకు రామలింగారెడ్డిగారు జ్ఞప్తికి వత్తురు. వారికి ముప్పదియేడేండ్లు ముందుగా, 1843లో, ఆ యూరనే జన్మించి, భారత జాతీయ మహాసభకు అధ్యక్షులైన ఆనందాచార్యులవారిని మాత్రము మనవారు మఱచినట్లే యున్నది. ఆంధ్రులలో నా పీఠము నధిష్ఠించిన మొదటివారు వారే.

చెన్నపట్టణము చేరి, కాయలి వేంకటపతిగారను ప్రసిద్ధ న్యాయవాదియొద్ద పని నేర్చి, 1869లో హైకోర్టు వకీలైరి. నాఁడు వకీలు కాఁదలఁచినవాఁడు పెద్ద వకీలు నాశ్రయించి, దస్తావేజులు చదువుచు వాదములు వినుచు విద్య గడించుట వాడుక. అది మన గురుకులమువంటిదే. అక్కడి హైకోర్టులో వాద మాంగ్లమున సాగుచుండఁగా, ఇక్కడ మన హైదరాబాదు న్యాయస్థానములలో పారసీక మింకను రాజ్యమేలుచుండెను. ఉర్దూ దాని స్థానము నాక్రమించినది 1880ల దశకమున.

వకాల్తాతో నాచార్యులవారు తృప్తి చెందలేదు. తిరువళ్లిక్కేణి సాహిత్య సమాజమును స్థాపించిరి. 1878లో ‘హిందూ’ పత్రిక వెలువడినప్పుడు తోడ్పడి, దానికి తఱచుగా వ్యాసములు వ్రాసిరి. 1884లో చెన్నపట్టణ మహాజన సభను నెలకొల్పినవారిలో నొకరు. మఱుసటి యేఁట బొంబాయిలో కాంగ్రెసు ప్రథమ సమావేశమునకు విచ్చేసిన డెబ్బదిఇద్దఱిలోను వారుండిరి.

1891లో నాగపూరు సమావేశమున కధ్యక్షులైరి. అప్పటి ప్రశ్న చిన్నది గాదు. ‘‘మీకు మత మొకటి గాదు, భాష యొకటి గాదు, కులము లనేకములు, మీరొక జాతి యెట్లగుదురు?’’ అని ప్రతిపక్షులు హేళన సేయుచుండిరి. ఆచార్యులవారు దీనికి కవివలెఁగాక వకీలువలె బదులు చెప్పిరి. ఒక యధికారమునకు లోఁబడి, ఒక శాసనసభ చేసిన చట్టముల ననుసరించి, ఒకే ప్రభుత్వమునకు పన్ను గట్టుచు, ఒకే పాలనవలని మేలుకీడుల ననుభవించువారు జాతి యనఁబడుటకు రక్తైక్యముగాని మతైక్యముగాని యక్కఱలేదని వారి వాదము.

ఈ నిర్వచనము నాకు మిక్కిలి యిష్టము. తెలుఁగు, ఉర్దూ, మరాఠీ ఒక్క వీథిలోనే వినవచ్చు దబీర్‌పురావంటి పేటలో నివసించువారికి భాషచేతనో మతముచేతనో జాతిని గీయుట యెంత ప్రమాదమో చెప్పఁబనిలేదు. కాని యందొక చిక్కు గలదు. ఆ మాటల నక్షరశః పట్టుకొన్నచో మా పూర్వులకు జాతిలో చోటు దొరకదు! వారు పన్ను గట్టినది నిజామునకు. వారి చట్టము నిజాముది. వారి చేతి నాణెమును నిజాముదే. 1948 సెప్టెంబరు దాఁక ఈ గీఁత చెఱగలేదు. గీఁత కావలనున్నను మనసు లీవలికి వచ్చుచునే యుండెను. దీనిని కొలుచుటకు వకీలు కొలబద్ద చాలదు.

1892నాఁటి చట్టమువలన శాసనసభలు కొంత విరివియై, 1895లో నాచార్యులవారు వైస్రాయి శాసనసభలో ప్రవేశించిరి. అచ్చట ఆదాయవ్యయములను గూర్చి ప్రసంగింపవచ్చును, ప్రశ్నింపవచ్చును. వ్యయపత్రముపై ఓటు మాత్రము లేదు. చేతులు గట్టి యీఁదుమన్నట్లుండు నా సభలో వారు కొన్నియేండ్లు పనిచేసిరి. ప్రభుత్వమును విమర్శించినవారే రాయ్ బహద్దరు, సి.ఐ.ఇ. బిరుదముల నందుట నేఁటివారికి వింతగాఁ దోఁపవచ్చును. ఆ తరమువారికి రాజభక్తియు దేశభక్తియు నొకే యింట నుండుట కడ్డులేదు. 1899లో చెన్నపట్టణ న్యాయవాదుల సంఘము పుట్టినది వారి కార్యాలయముననే. 1908 జనవరిలో వారు పరమపదించిరి.