మీకు తెలుసా? గోదావరి పేరుతో మూడు యుద్ధనౌకలు తిరిగాయి

భద్రాచలం పక్క పిల్లలకు ఓడ అంటే పాపికొండలకు పోయే లాంచీయే. సముద్రం చూడాలంటే చింతూరు దాటి, మారేడుమిల్లి ఘాట్ దిగి, రాజమహేంద్రవరం మీదుగా విశాఖపట్నం పోవాలి. ఖమ్మం వాళ్లకు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉంది. రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి విశాఖలో దిగొచ్చు. యుద్ధనౌకలు చూపిద్దామని పిల్లల్ని తీసుకుని బయలుదేరేవాళ్లు దారిలో చెప్పుకోవడానికి ఇవి కొన్ని సంగతులు.

మన నది పేరు పెట్టుకున్న మొదటి యుద్ధనౌక 1943లో అప్పటి రాయల్ ఇండియన్ నేవీలో చేరింది. మరుసటి ఏడాది ఆగస్టులో హిందూ మహాసముద్రంలో, సీషెల్స్ దీవుల దగ్గర, ఒక బ్రిటిష్ నౌకతో కలిసి యు-198 అనే జర్మన్ జలాంతర్గామిని ముంచింది. దేశ విభజనలో ఆస్తులు పంచుకున్నప్పుడు ఆ నౌక పాకిస్తాన్ వాటాకు పోయింది. అక్కడ దాని పేరు మార్చి ‘సింధ్’ అని పెట్టారు. గోదావరి పోయి సింధ్ అయిందన్నమాట. పంపకాల్లో ఒక నది పేరు చెరిపి ఇంకో పేరు రాయడం నాకు ఎప్పుడు గుర్తొచ్చినా మనసు కలుక్కుమంటుంది.

రెండో గోదావరి కథ ఇంకా విచిత్రం. అది బ్రిటన్‌లో కట్టిన చిన్న డిస్ట్రాయర్. రెండో ప్రపంచ యుద్ధంలో దాన్ని నడిపినవాళ్లు పోలండ్ నావికులు. సొంత దేశం హిట్లర్ చేతిలో పడిపోతే, పరాయి రేవుల్లో ఉండి, బ్రిటన్ ఇచ్చిన ఓడల మీద పోరాడినవాళ్లు. వాళ్లు దానికి ‘శ్లోంజాక్’ అని పేరు పెట్టుకున్నారు. 1942లో ఫ్రాన్స్ తీరంలోని దియెప్ మీద జరిగిన దాడిలోనూ అది ఉంది. అదే ఓడ 1953లో మన దేశానికి వచ్చి ఐఎన్ఎస్ గోదావరి అయింది. 1976లో మాల్దీవుల దగ్గర నేల తట్టుకుని దెబ్బతింది. ఆ తర్వాత తుక్కు కింద పోయింది.

మూడోది మనం సొంతంగా గీసుకుని కట్టుకున్నది. ముంబయిలోని మజగావ్ డాక్‌లో తయారై 1983 డిసెంబరు 10న నౌకాదళంలో చేరింది. మన దేశంలోనే రూపకల్పన చేసిన తొలి క్షిపణి ఫ్రిగేట్ ఇదే. దీని చెల్లెళ్లు గంగ, గోమతి. ఒకే నౌక మీద రెండు సీకింగ్ హెలికాప్టర్లు పెట్టుకునేలా కట్టారు. ఆ పరిమాణం ఓడకు అది పెద్ద సంగతే. 1988లో మాల్దీవుల్లో కిరాయి సైనికులు తిరుగుబాటు చేసి, బందీలను ఎక్కించుకుని ఓడలో పారిపోతుంటే, వెంటాడి పట్టుకున్న మన నౌకల్లో ఇది ఒకటి. పన్నెండేళ్ల ముందు రెండో గోదావరి చిక్కుకుపోయింది ఆ మాల్దీవుల దగ్గరే. అదే పేరుతో ఇంకో ఓడ వెళ్లి అక్కడి నుంచి ఎత్తుకుపోతున్న మనుషుల్ని కాపాడింది. 2015 డిసెంబరులో ఇది కూడా సర్వీసు నుంచి తప్పుకుంది. ఇప్పటికి మూడే. నాలుగో గోదావరి రావాలని కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

విశాఖ ఆర్కే బీచ్‌లో ఇసుక మీద కూర్చున్న కురుసుర జలాంతర్గామిని చాలామంది నమూనా అనుకుంటారు. కాదు. 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రీగాలో నౌకాదళంలో చేరి, 31 ఏళ్లు పనిచేసి, 2001 ఫిబ్రవరి 27న సర్వీసు నుంచి తప్పుకున్న అసలు జలాంతర్గామి అది. ఏడాదిన్నర తిరిగేసరికి, 2002 ఆగస్టులో, దాన్ని ఒడ్డుకు చేర్చి జనానికి తెరిచారు. పొడవు 91 మీటర్ల పైచిలుకు. మన ఆర్టీసీ బస్సులు ఎనిమిది వరసగా నిలబెడితే అంత. సర్వీసులో తిరిగిన దూరం 73,500 నాటికల్ మైళ్లు. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు కాబట్టి, భూమిని మూడుసార్లు చుట్టి వచ్చినా ఇంకా మిగిలేంత.

లోతు సంగతి మన పిల్లలకు మన లెక్కలోనే చెప్పాలి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కురుసుర లాంటి జలాంతర్గామి దిగగలిగే లోతు దాదాపు 985 అడుగులు. ఈ మాట చెప్పాక మా ఇంటి పిల్లలు లోపల గోడల్ని చేత్తో తట్టి తట్టి చూశారు.

ఆ లోపల 75 మంది ఉండేవారు. ఎనిమిది మంది అధికారులు, 67 మంది నావికులు. 22 టార్పెడోలకు చోటు ఇచ్చాక మిగిలిన జాగాలోనే తిండి, నిద్ర, పని. కాళ్ల కింద నేల ఎత్తితే బ్యాటరీలు. నీటి పైన ఉన్నప్పుడు డీజిల్ ఇంజిన్లు ఆ బ్యాటరీలను నింపుతాయి, మునిగాక వాటి కరెంటుతోనే ప్రయాణం. మంచినీళ్లు లెక్కపెట్టి వాడాలి కాబట్టి స్నానం మాట మరిచిపోవాల్సిందే. గది నుంచి గదికి పోవాలంటే గుండ్రటి ద్వారంలోంచి తల వంచి, కాలెత్తి, దూరి పోవాలి. మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. మొదటి ద్వారం దగ్గరే ఆగి, “పొయ్యి రండర్రా, నేను ఇక్కడ కూర్చుంటా” అంది. ఆమెను బయట కూర్చోబెట్టి మేం లోపలికి పోయాం. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇది ముందే ఆలోచించుకోవడం మంచిది. లోపల దారి చూపి చెప్పేవాళ్లు నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్లు. పిల్లల చేత వాళ్లను అడిగించండి. ఏ పుస్తకంలోనూ లేని సంగతులు చెబుతారు.

‘ఐఎన్ఎస్’ (భారత నౌకాదళ నౌక) అని పేరు ముందు ఉన్నంత మాత్రాన అది నీటి మీద తేలుతుందని కాదు. విశాఖలోని ఐఎన్ఎస్ సర్కార్స్, జలాంతర్గాముల వాళ్లకు శిక్షణ ఇచ్చే ఐఎన్ఎస్ శాతవాహన, భీమిలి దగ్గరి ఐఎన్ఎస్ కళింగ... ఇవన్నీ నేల మీది స్థావరాలే. ఒడ్డు మీది స్థావరాన్ని కూడా ఓడగానే లెక్కపెట్టడం బ్రిటిష్ నౌకాదళం నుంచి వచ్చిన ఆచారం. శాతవాహన పేరు ఎంత సరిగ్గా కుదిరిందో చూడండి. శాతవాహన రాజుల నాణేల మీద రెండు తెరచాపల కొయ్యలున్న ఓడ బొమ్మ ఉంటుంది. రెండు వేల ఏళ్ల కిందట సముద్రాన్ని డబ్బు మీద అచ్చు వేసుకున్నవాళ్లు మనవాళ్లు.

నౌకాదళ దినోత్సవం డిసెంబరు 4న చేసుకునేది విశాఖలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగినందుకు అనుకుంటారు చాలామంది. అసలు కారణం 1971 యుద్ధంలో ఆ తేదీ రాత్రి మన క్షిపణి పడవలు నిపాత్, నిర్ఘాత్, వీర్ కరాచీ రేవు మీద చేసిన దాడి. ఘాజీ విశాఖ రేవు బయట మునిగింది అంతకు ముందు రాత్రి, మూడో తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ దాన్ని ముంచిందని మన నౌకాదళం అంటుంది, లోపలే పేలుడు జరిగిందని పాకిస్తాన్ అంటుంది. ఆ యుద్ధంలో గెలుపుకు గుర్తుగా బీచ్ రోడ్డు మీద ఉన్న విజయ స్మారకం 1996లో కట్టింది.

ఆ దినోత్సవం దగ్గరపడ్డ రోజుల్లో కొన్ని నౌకలను విద్యార్థులకు, ప్రజలకు చూపించడం విశాఖలో ఆనవాయితీ. ఏ నౌక, ఏ రోజు అనేది ఏటా మారుతుంది కాబట్టి ప్రకటన చూసుకున్నాకే టికెట్లు తీసుకోండి. పెద్ద ప్రదర్శన కూడా ఏటా ఒకే ఊళ్లో జరగదు. 2022లో విశాఖలో, 2023లో సింధుదుర్గ్‌లో, 2024లో పూరీలో చేశారు.

నౌకాదళం సముద్రం వదిలి మన నదికి వచ్చిన రోజులూ ఉన్నాయి. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు విశాఖ నుంచి నౌకాదళం ఈతగాళ్లు, హెలికాప్టర్ వచ్చారు. వరద గోదావరి సుడులు అంత శిక్షణ ఉన్నవాళ్లనూ సతాయించాయి. నెల దాటాక, అక్టోబరు 22న, కాకినాడ ధర్మాడి సత్యం బృందం లంగర్లు, తాళ్లతో ఆ పడవను బయటికి లాగింది.

సముద్రమే లేని తెలంగాణలో నౌకాదళానికి ఏం పని? వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో 2024 అక్టోబరులో ఒక కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. అందరూ రాడార్ కేంద్రం అంటారు గానీ అది నిజానికి రాడార్ కాదు, మునిగి ఉన్న జలాంతర్గాములకు కబురు పంపే రేడియో కేంద్రం. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీళ్లలోకి దిగవు. అతి తక్కువ పౌనఃపున్యం ఉన్నవే కొన్ని మీటర్లు చొచ్చుకుపోతాయి, వాటిని పంపాలంటే పెద్ద యాంటెనాలు, బోలెడంత జాగా కావాలి. ఇలాంటిది ఇప్పటికే తమిళనాడు తిరునెల్వేలి దగ్గర 1990 నుంచి ఉంది. చెట్లు పోతాయని, మూసీ పుట్టే చోటని అక్కడివాళ్లు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. అడవి అంచున పుట్టినవాడిగా ఆ బాధ నాకు తెలుసు. అయినా నీళ్ల అడుగున ఉండేవాళ్లకు ఇంటి వైపు నుంచి ఒక కబురు అందడం ఎంత అవసరమో కురుసుర లోపలికి వెళ్లి వచ్చాక తెలిసింది.

ఒక్క మాట: కురుసుర మ్యూజియానికి సోమవారం సెలవు. రాత్రంతా ప్రయాణం చేసి వెళ్లేవాళ్లు ఆ రోజు పడకుండా చూసుకోండి. రోడ్డు దాటితే ఎదురుగానే టీయూ-142 ఉంది. 29 ఏళ్లు సముద్రం మీద జలాంతర్గాముల కోసం వెతికిన విమానం. వేటగాడు రోడ్డుకు ఆ పక్కన, దాక్కునేది ఈ పక్కన. మా అత్తయ్య విమానం మెట్లు మాత్రం మెల్లగా ఎక్కి, లోపలంతా చూసి వచ్చింది.