అగ్నిని దాటిన కావ్యము

1731వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన లండను నగరమున వెస్టుమినిస్టరునందలి ఆష్‌బర్న్‌హామ్ భవనమునకు నిప్పంటుకొనెను. రాబర్టు కాటను అను విద్యాభిమాని సేకరించిన ప్రాచీన గ్రంథముల వ్రాతప్రతులు ఆ భవనమున భద్రపఱుపబడి యుండెను. అచటివారు చేతికందిన గ్రంథములను కిటికీలగుండ వెలుపలికి విసరి కాపాడిరి. కొన్ని గ్రంథములు బూడిదయ్యెను. అంచులు కమలిపోయినను దక్కినవానిలో 'బియోవుల్ఫ్' అను కావ్య మొకటి. దానికి లోకమున గల ప్రాచీనప్రతి అది యొక్కటియే.

సుమారు క్రీ. శ. 1000 ప్రాంతమున ఇరువురు లేఖకులు వ్రాసిన ఆ ప్రతి ఆంగ్లభాషయొక్క ప్రాచీనరూపమున నున్నది. ప్రత్యేకముగా అభ్యసించినగాని నేటి ఆంగ్లేయులకు సైత మది బోధపడదు. బియోవుల్ఫ్ అను వీరుడు సముద్రము దాటి డెన్మార్కు రాజునకు సాయమేగి, పండ్రెండేండ్లుగా ఆ రాజు సభాభవనమును బాధించుచుండిన గ్రెండెల్ అను రక్కసుని నిరాయుధుడై చంపెను. పిదప వాని తల్లిని హతమార్చెను. అతడు స్వదేశమున ఏబదియేండ్లు రాజ్యమేలిన పిమ్మట, నిధిని కాచుకొనియున్న మహాసర్ప మొకటి, ఎవడో పానపాత్రను అపహరింపగా కినిసి, నిప్పులు గ్రక్కుచు ఊళ్లను దహింపసాగెను. వృద్ధరాజు దాని నెదిర్చెను. తోడివారు పాఱిపోగా విగ్లాఫ్ అను యువకు డొక్కడే ప్రక్కన నిలిచెను. సర్పము చచ్చెను, రాజును మరణించెను.

అగ్నిబాధకు గురియైన పుటల అంచులు ఏటేట పొడియై రాలసాగెను. 1787లో థోర్కెలిన్ అను ఐస్‌లాండు పండితుడు ప్రతిలేఖనములు సిద్ధపఱచుటచే పెక్కు అక్షరములు దక్కినవి. 1815లో కావ్యము అచ్చయ్యెను. అయినను పండితు లనేకులు దానిని చరిత్రకు ఆధారముగానే చూచిరి. రక్కసుల కథ కవి చేసిన పొరపాటని తలచిరి.

ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ప్రాచీనాంగ్లమును బోధించుచుండిన టోల్కీన్ 1936లో ఒక ఉపన్యాసమున ఈ తలంపును ఖండించెను. ఆయన చెప్పిన దృష్టాంత మిట్టిది: ఒకడు పాతరాళ్లతో గోపురము కట్టెను. మిత్రులు ఆ రాళ్లను పరీక్షించుటకై దానిని పడగొట్టిరి. ఆ గోపురముపైనుండి చూచినచో సముద్రము కనబడుచుండెడిదని వారెఱుగరు. రక్కసులే ఆ కావ్యమునకు ప్రాణమనియు, ఓటమి తప్పదని యెఱిగియు పోరాడు మానవుని ధైర్యమే అందలి సారమనియు ఆయన వాదించెను.

మఱుసటి యేడు, 1937లో, ఆయన వ్రాసిన 'ది హాబిట్' అను బాలల నవల వెలువడెను. అందు స్మాగ్ అను మహాసర్పము నిధిపై పరుండియుండును. బిల్బో అను పొట్టివాడు ఒక పాత్రను దొంగిలింపగా అది మండిపడి బయలుదేరును. బియోవుల్ఫ్ తనకు మిక్కిలి విలువైన ఆకరమని టోల్కీన్ 1938లో ఒప్పుకొనెను. కాని ఆ ఘట్టము వ్రాయునపుడు అది బుద్ధిపూర్వకముగా తన మనస్సున లేదని చెప్పెను. చిరకాలము చదివిన కావ్యము చదువరి మనస్సున కలసిపోవు విధ మిట్టిది. అందలి మరుగుజ్జుల పేర్లలో పెక్కులును, గాండాల్ఫ్ అను మాంత్రికుని పేరును ఐస్‌లాండు ప్రాచీనగేయములనుండి గైకొన్నవే. 1954, 1955లలో 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' వెలువడిన పిదప ఆ త్రోవను రచయితలు పెక్కుమంది నడచిరి.

అయినను టోల్కీన్ పాతకథను తిరిగి వ్రాయలేదు. ప్రాచీనకావ్యమున వీరుడు బలశాలియగు రాజు. ఆయన నవలలలో భారము మోయువారు ఇల్లు విడిచి యెఱుగని సామాన్యులు. రాళ్లు పాతవే, గోపురము క్రొత్తది.

ఆ రాత్రి మంటలలో గ్రంథములను వెలుపలికి విసరినవారు వాని నన్నిటిని చదివినవారు కారు. ఏ గ్రంథమునుండి ఏమి పుట్టునో వారెఱుగరు. ఎఱుగకయే కాపాడిరి.