కంపెనీ కొట్లో తప్ప చెల్లని రూపాయి: కోకోస్ దీవుల ముస్లింల కథ

ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి వాయవ్యంగా సుమారు 2,750 కిలోమీటర్లు వెళ్తే, హిందూ మహాసముద్రం మధ్యలో కోకోస్ కీలింగ్ దీవులు వస్తాయి. మొత్తం 27 పగడపు దీవులు. అన్నీ కలిపినా 14 చదరపు కిలోమీటర్లే. జనం ఉండేది రెండు దీవుల్లోనే, అదీ 600 మంది దాకా. అందులో హోమ్ ఐలాండ్ వాసులు దాదాపు అందరూ మలయ్ భాష మాట్లాడే సున్నీ ముస్లింలు. రంజాన్ పండుగ అక్కడ అధికారిక సెలవు దినం.

ఇలాంటి దీవులను అటాల్ అంటారు. పాత అగ్నిపర్వతం మెల్లగా సముద్రంలోకి కుంగుతుంటే, దాని అంచున పగడాలు పైకి పెరుగుతూ పోతాయి. చివరికి కొండ మునిగిపోయి ఉంగరంలాంటి గట్టు, మధ్యలో ఉప్పునీటి మడుగు మిగులుతాయి. 1836లో ఇక్కడ ఆగిన చార్లెస్ డార్విన్ తన సిద్ధాంతాన్ని ఈ దీవులతో సరిచూసుకున్నాడు.

మనుషులు వచ్చింది మాత్రం ఇష్టపడి కాదు. 1826లో అలెగ్జాండర్ హేర్ అనే ఇంగ్లీషు వ్యాపారి మలయ్ ప్రాంతాల వాళ్లను ఇక్కడికి తెచ్చాడు, వాళ్లలో చాలామంది బానిసలు. మరుసటి ఏడాది వచ్చి స్థిరపడిన జాన్ క్లూనీస్ రాస్ కుటుంబం కొబ్బరి తోటల మీద దశాబ్దాల పాటు రాజ్యమేలింది. 1886లో విక్టోరియా రాణి దీవులను ఆ కుటుంబానికే శాశ్వతంగా రాసిచ్చింది.

కూలి ఎలా ఇచ్చేవాళ్లో చూడండి. అసలు డబ్బు కాదు, కోకోస్ రూపాయి పేరుతో సొంత టోకెన్లు. తర్వాతి రోజుల్లో అవి ప్లాస్టిక్‌వి. చెల్లేది యజమాని దుకాణంలోనే. అంటే ఇచ్చిన కూలి మళ్లీ ఇచ్చినవాడి గల్లాపెట్టెలోకే! బయటి ప్రపంచంలో ఆ టోకెన్‌కు విలువే లేదు, ఇక కూలివాడు నాలుగు డబ్బులు వెనకేసుకునేదెలా?

1955లో దీవులు ఆస్ట్రేలియా చేతికి వచ్చాయి. 1978లో ప్రభుత్వం 62.5 లక్షల డాలర్లిచ్చి రాస్ కుటుంబం నుంచి చాలా భూమి కొన్నది. 1984 ఏప్రిల్ 6న ఐక్యరాజ్యసమితి పరిశీలకుల ముందు ఓటింగ్ జరిగింది. ఆస్ట్రేలియాలో కలవాలని 229 మంది అన్నారు, స్వతంత్రంగా ఉండాలన్నది 9 మందే.

మనవైపు నుంచి ఒక లింకు కూడా ఉంది. 1914 సెప్టెంబరులో మద్రాసుపై గుండ్లు కురిపించిన జర్మన్ ఓడ ఎమ్డెన్ గుర్తుందా? అదే ఏడాది నవంబరు 9న ఆస్ట్రేలియా ఓడ సిడ్నీ దాన్ని దెబ్బతీసింది ఈ దీవుల దగ్గరే.

ఇప్పుడు భయం సముద్రంతోనే. ఇళ్లన్నీ నీటి మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. మట్టం పెరుగుతుండటంతో రాబోయే దశాబ్దాల్లో జనాన్ని తరలించాలన్న ప్రతిపాదన వచ్చింది. తరతరాల ఊరు వదిలి వెళ్లడానికి హోమ్ ఐలాండ్‌లో చాలామంది ఒప్పుకోవడం లేదు.